డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ రెజ్లింగ్ షో 'రా'లో గెలుపోటములు ముందే రాసి ఉంటయి గదా, ఆ సంగతి పిల్లలకు చెప్పాలెనా?

కరీంనగర్ నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ బాబు ఆరో తరగతి. మంగళవారం పొద్దున బడికి తయారయ్యే టైముకే నెట్‌ఫ్లిక్స్‌లో రా వస్తది, అది చూడకుండ కదలడు. "ఇదంతా ఉత్తదే, ఎవరు గెలవాల్నో ముందే రాసుకుంటరు" అని వాళ్ళ నాన్న అన్నడట, పిల్లగాడు ఏడ్చి అన్నం మానేసిండట. నిజం చెప్పాలెనా వద్దా, అసలు ఆ కథలు ఎట్ల రాస్తరు, అన్నీ తెలిసినోళ్ళు గూడ ఎందుకు చూస్తరు అని అడిగిన్రు.

ముందుగాల జవాబు: చెప్పండి అక్కా. కానీ "ఉత్తదే" అని మాత్రం చెప్పకండి. ఎవరు గెలవాలన్నది ముందే తేల్చుకునే మాట నిజం. కానీ ఆ పడుడు ఉత్తది కాదు, ఆ ఒళ్ళు నొప్పులు ఉత్తవి కావు. జనం ఎవరిని నెత్తిన పెట్టుకుంటరు, ఎవరిని ఛీకొడ్తరు అనేది రాసేటోళ్ళ చేతిలో లేదు. నాలాంటోళ్ళు చూసేది దాని కోసమే.

నేను హన్మకొండలో బడులకు, కాలేజీలకు నాటకాలు చేయిస్త. స్టేజీ మీద కొట్లాట సీన్లు దెబ్బ తగలకుండ ఎట్ల చేయాల్నో పిల్లలకు నేర్పుడు నా పనిలో ఒక భాగం. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు అని ట్రంప్ కార్డులు పట్టుకొని వాడకట్టంత తిరిగిన కాలం నుంచి రెజ్లింగ్ చూస్తున్న. కాబట్టి ఇటు చూసేటోనిగ, అటు చేయించేటోనిగ రెండు దిక్కుల నుంచి చెప్త.

ఇదేం దాచిపెట్టిన రహస్యం కాదు. మాది పోటీ కాదు, వినోదం అని 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఈ షో నడిపే కంపెనీయే చెప్పుకున్నది. ఆట అని రాసుకుంటే అథ్లెటిక్ కమిషన్ అజమాయిషీ ఉంటది, లైసెన్సులుంటయి, పన్ను పడ్తది. వినోదమంటే ఆ తిప్పలు తప్పుతయి. రా మొదలైంది అటెన్క, 1993 జనవరి 11న, న్యూయార్క్‌లోని మన్‌హటన్ సెంటర్‌లో. అంటే మీ బాబు చూసే షో పుట్టిన నాటికే సంగతి బయటపడ్డది. అయినా ముప్పయ్యేళ్ళు దాటి నడుస్తున్నది. మన ఊర్లల్ల చిందు యక్షగానం ఆడితే కథ ఏందో ఎవరికి తెల్వదు? తెలిసే గదా తెల్లారేదాంక కూసుంటరు.

అయితే చిందోళ్ళ ఆటలో ముగింపు మారదు. రాలో మారుతది. అసలు మజా అక్కడున్నది.

2014లో ఏమైందో చూడండి. ఆ ఏడు రెసిల్‌మేనియాకు, అంటే ఏడాదిలో అన్నిటికంటె పెద్ద షోకు, పెద్ద ఆటగ రాండీ ఆర్టన్‌కు, బటిస్టాకు పోటీ అనుకున్నరు. బటిస్టా చాన్నాళ్ళకు తిరిగొచ్చిండు, నిలువెత్తు మనిషి, సినిమాల్లోకి పోతున్నడు. జనవరిలో ముప్పై మంది ఒకరెన్క ఒకరు దిగే రాయల్ రంబుల్ ఆట ఆయనతోని గెలిపిస్తే జనం లేచి చప్పట్లు కొడ్తరని లెక్కేసుకున్నరు. ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌లో జనం మాత్రం డేనియల్ బ్రయన్ కోసం ఎదురుచూసిన్రు. బ్రయన్ అంత ఎత్తు ఉండడు, గుబురు గడ్డం, రాక్షసుని కండలు లేవు. కానీ ఆట మొదలుపెడితే కన్ను తిప్పనీయడు. ఆఖరిదైన ముప్పయ్యో నంబరుకు బ్రయన్ వస్తడనుకుంటే రే మిస్టీరియో వచ్చిండు. చిన్నపిల్లలు ప్రాణం పెట్టే మిస్టీరియోను హాలంతా ఛీకొట్టింది! ఆయన చేసిన తప్పల్లా బ్రయన్ కాకపోవుడే. తర్వాత బటిస్టా గెలిస్తే ఇంకింత మండిపడ్డరు.

అటెన్క వారాలు గడుస్తున్నా కోపం తగ్గలే. ఏ ఊర్లో షో పెట్టినా, రింగులో ఎవరు మాట్లాడుతున్నా "ఎస్, ఎస్" అని రెండు చేతులు పైకెత్తి బ్రయన్ నినాదమే. ఇగ కంపెనీ దిగొచ్చింది. మార్చి 10న మెంఫిస్‌లో జరిగిన రాలో ఎస్ చొక్కాలేసుకున్న జనం రింగు నిండా, రింగు చుట్టూ నిండిపోయే సీను పెట్టి బ్రయన్‌కు తోవ తెరిచిన్రు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో ముందు ట్రిపుల్ ఎచ్‌ను ఓడగొట్టి, అదే రాత్రి ఆర్టన్, బటిస్టా ఇద్దరితో ఒక్కసారే ఆడి టైటిల్ గెలిచిండు. ఆ గెలుపు గూడ ముందే రాసిందే. మరి రాయించింది ఎవరు? హాల్లో కూసున్నోళ్ళు.

2019లో ఇట్లనే ఇంకోటి. ముస్తఫా అలీకి దెబ్బ తగిలితే ఆ ఖాళీలోకి కోఫీ కింగ్‌స్టన్‌ను పంపిన్రు. పదకొండేళ్ళ నుంచి నవ్వుకుంట, ఎగురుకుంట, పెద్ద టైటిల్‌కు దూరంగ ఉండిపోయిన మనిషి. ఆ కంపెనీదే ఇంకో వారం షో స్మాక్‌డౌన్‌లో ఒక్క రాత్రే వరుసగ ఒకరి తర్వాత ఒకరితోని గంటకు పైగ ఆడిండు. చూస్తున్నోళ్ళకు ఒక్కసారే కనువిప్పైనట్టైంది, ఇన్నేండ్లు ఈయనను ఎందుకు పక్కనపెట్టిన్రు అని. ఏప్రిల్ 7న రెసిల్‌మేనియాలో గెలిచి, పిల్లలను రింగులోకి తెచ్చుకున్నడు. ఎదురుగ ఓడిపోయింది ఎవరనుకున్నరు? అదే డేనియల్ బ్రయన్. ఐదేళ్ళకింద జనం కోసం గెలిచినోడు ఈసారి జనం ఛీకొట్టేటట్టు ఆడి, ఎదుటోని గెలుపుకు విలువ తెచ్చిండు. నా దృష్టిలో గెలిచినోని కంటె ఓడినోని పనే కష్టం. స్టేజీ మీద విలన్ వేషం సరిగ పడకపోతే హీరో ఎంత అరిచినా ఏం లాభం?

ఇగ కథలు ఎట్ల రాస్తరు అనే మాటకొస్త. రాసేటోళ్ళ గది ఒకటుంటది, దానిపైన ఒక పెద్ద. విన్స్ మెక్‌మాన్ నలభై ఏండ్లు ఆ కుర్చీలో కూసున్నడు. షో మొదలయ్యే రోజే స్క్రిప్టు పక్కకు పడేసి మళ్ళ రాయించేటోడని ఆయన కింద పనిచేసినోళ్ళు చాలమంది చెప్పిన్రు. 2022 నుంచి ఆ పని ట్రిపుల్ ఎచ్ చూస్తున్నడు, కథలు నిదానంగ నడుస్తున్నయి. ప్రతి వారం షో అనేది ముందు రాబోయే పెద్ద షోకు దారి వేసుడే. జనవరి, ఫిబ్రవరి నాటికి రాయల్ రంబుల్, ఏప్రిల్ దగ్గర రెసిల్‌మేనియా, ఆగస్టుకు సమ్మర్‌స్లామ్, నవంబర్‌లో సర్వైవర్ సిరీస్. రంబుల్‌లో ముప్పై మంది ఒకరెన్క ఒకరు దిగుతరు, ఆఖరికి మిగిలినోనికి రెసిల్‌మేనియాలో టైటిల్ ఆట. కొత్తగ చూసేటోళ్ళకు అది మంచి మొదలు, అందరి మొఖాలూ ఒక్క రాత్రిలో తెలుస్తయి.

కథకు కారణం చిన్నగ ఉండాలె, లోతుగ ఉండాలె. బెల్టు కోసం కొట్లాడుడు ఎవరైనా రాస్తరు. నేను చూసినవాటిలో బాగ రాసింది సామీ జేన్ కథ. 2022లో ఆయన రోమన్ రెయిన్స్ కుటుంబం పంచన చేరిండు. రోమన్, ఆయన దాయాదులు జిమ్మీ, జే ఉసో. సామీ వాళ్ళ రక్తం కాదు, అయినా వాళ్ళల్ల ఒకడు కావాలని తపన. జే ఉసోకు అతని మీద నమ్మకం లేదు. నవంబర్‌లో సర్వైవర్ సిరీస్‌లో ఆ కుటుంబం కోసం సామీ తన పాత దోస్తు కెవిన్ ఓవెన్స్‌నే దెబ్బ కొట్టిండు. అప్పుడు జే వచ్చి అలాయ్‌బలాయ్ తీసుకున్నడు. నెలల తరబడి మొఖం చిట్లించుకొని చూసినోడు అట్ల కౌగిలించుకుంటే హాలు ఊగిపోయింది.

తర్వాత 2023 జనవరి 28, శాన్ ఆంటోనియో. కెవిన్ రెండు చేతులూ రింగు తాళ్ళకు బేడీలేసి కట్టేసిన్రు. రోమన్ కుర్చీ సామీ చేతికిచ్చి "కొట్టు" అన్నడు. ఆ సీను మళ్ళ చూడండి, ఎవరూ తొందరపడరు. సామీ కుర్చీని చూస్తడు, కెవిన్‌ను చూస్తడు, కింద నేలను చూస్తడు. రోమన్ కసిరి, వీపు తిప్పిండు. ఆ వీపు మీదనే పడ్డది కుర్చీ. అటెన్క మిగిలినోళ్ళు సామీని చితకబాదుతుంటే జే ఉసో మాత్రం చెయ్యెత్తలే, రింగు దిగి ఒక్కడే నడిచి పోయిండు. ఇందులో ఏ ముక్కకూ కుస్తీ పట్టు తెలిసుండాల్సిన పన్లేదు. ఇంట్లో పరాయోడిగ బతికినోళ్ళకు ఎవలకైనా అర్థమైతది. నేను నాటకం నేర్పేటప్పుడు పిల్లలకు ఈ సీను చూపిస్త. డైలాగు కంటె ముందు ఎంతసేపు ఆగాల్నో నేర్చుకొమ్మని చెప్త.

ఆట లోపల జరిగేది మీ బాబుకు ఇట్ల చూపించండి. సప్లెక్స్ అని తలకిందులుగ ఎత్తి వెనక్కు పడేస్తరు గదా. అవతలోడు ఎగిరి సాయం పట్టకపోతే క్వింటాల్ మనిషిని అట్ల లేపుడు అయ్యే పని కాదు. పడేటోడు గదువ ఛాతీకి అదుముకుంటడు, తల వెనక భాగం నేలకు తాకొద్దని. పైవీపు మొత్తం ఒక్కసారే ఆనుతది, రెండు చేతులు పక్కలకు చాపి రింగు నేలను చరుస్తడు, దెబ్బ ఒక్కకాడ కాకుండ పంచుకుంటది. గుద్దు గుద్దేటప్పుడు కాలు టపీమని నేలకేస్తరు, చప్పుడు దానిదే. మొఖం మీదికి తన్నే సూపర్‌కిక్‌లో తన్నేటోని చెయ్యి తన తొడ మీద పడ్తది, గమనించి చూడండి. మెడ పట్టుకొని కొద్దిసేపు కదలకుండ ఉన్నరంటే అలసట ఒక్కటే కాదు, చెవిలో తర్వాతి పట్టు చెప్పుకుంటున్నరు. రిఫరీ చెవిలో చిన్న యంత్రం ఉంటది, ఎన్ని నిమిషాలు మిగిలినయో లోపల నుంచి ఆయనకు చెప్తరు, ఆయన దగ్గరకు పోయి వీళ్ళకు చెప్తడు. ఆ రిఫరీ రెండు చేతులు పైకెత్తి గుణకారం గుర్తులెక్క అడ్డంగ పెట్టిండంటే అసలైన దెబ్బ తగిలిందని సైగ.

రింగు గూడ పరుపు కాదు. ఇనుప దూలాలు, వాటి మీద ప్లైవుడ్ చెక్కలు, వాటి మీద పల్చని ఫోమ్, పైన కాన్వాసు గుడ్డ. 2023 సెప్టెంబర్ 8న జాన్ సీనా హైదరాబాద్‌కు వచ్చినప్పుడు మా పోరగాళ్ళను తోలుకొని గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంకు పోయిన. సీనా, సేథ్ రోలిన్స్ ఒక జట్టు, లుడ్విగ్ కైసర్, జొవానీ విన్చీ అవతల జట్టు. టీవీలో వ్యాఖ్యానం కింద మునిగిపోయే చప్పుడు అక్కడ కడుపులో దడదడ తగుల్తది. ఒక మనిషి వీపు చెక్క మీద పడితే వచ్చే ఆ చప్పుడు విన్నంక మాతో వచ్చినోళ్ళెవరూ "ఉత్తదే" అనలే.

నిజమేది, నాటకమేది అని పిల్లగాడు అడిగితే రోలిన్స్‌దే చెప్పండి. 2025 జులైలో ఆట మధ్యలో మోకాలు పట్టుకొని కూలబడ్డడు. ఎన్నేండ్ల నుంచో చూస్తున్నోళ్ళు గూడ నమ్మిన్రు, కర్రల సాయంతో నడుసుడు చూసి జాలిపడ్డరు. ఆగస్టు 2న సమ్మర్‌స్లామ్‌లో సీఎం పంక్ చెమటోడ్చి గంథర్‌ను ఓడగొట్టి టైటిల్ ఎత్తుకున్నడో లేదో, రోలిన్స్ చంక కర్రలతోని వచ్చిండు, కర్రలు అవతల పడేసి ఉరికొచ్చి నిమిషాల్లో టైటిల్ గుంజుకున్నడు. మోకాలికి ఏమీ కాలే. బాగున్నది గదా? అదే రోలిన్స్‌కు అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కోడీ రోడ్స్‌తోని ఆడుతుంటే భుజానికి నిజంగనే దెబ్బ తగిలింది. ఇగ కొన్ని నెలలు ఆడలేడు. రెండ్రోజులకే వచ్చిన రాలో ఏం చేసిన్రు? ఆయన సొంత మనుషులు బ్రాన్ బ్రేకర్, బ్రాన్సన్ రీడ్ ఆయన మీదనే తిరగబడి కొట్టినట్టు కథ మార్చిన్రు. నిజం దెబ్బను కథలో కలిపేసి ఆయనను ఇంటికి పంపిన్రు. ఇంత తక్కువ టైములో అంత అతుకు కనబడకుండ కుట్టుడు ఎంత పనితనమో రాసేటోళ్ళకు తెలుస్తది.

మెచ్చుకునేదే కాదు, నాకు నచ్చనిదీ చెప్త. మొదట్ల గంట షో, 1997 నుంచి రెండు గంటలైంది, 2012 జులైలో మూడు గంటలు చేసిన్రు. అంతసేపు నింపే సరుకు ప్రతి వారం ఎక్కడిది? పోయిన వారం ఆడినోళ్ళే మళ్ళ ఆడుతరు, ఒప్పంద సంతకాలని బల్ల వేస్తరు, ఆ బల్ల విరిగిపోతది. మన మనుషులను చూపించే తీరు నాకు ఇంకా బాధ. 2007లో హిమాచల్ నుంచి పోయిన ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయిండు, సంతోషమే, కానీ ఆయనతోని ఎప్పుడూ బండలెక్క నిలబడే పనే చేయించిన్రు. 2017లో జిందర్ మహల్ రాండీ ఆర్టన్‌ను ఓడగొట్టి ఛాంపియన్ అయితే, కెనడాలోని కాల్గరీలో పుట్టినాయనను తలపాగా చుట్టి పరదేశపు విలన్‌ను చేసిన్రు. పంజాబీలో మాట్లాడుడే తప్పన్నట్టు జనంతోని ఛీకొట్టించిన్రు. పిల్లలతోని కూసొని చూసేటప్పుడు ఇసొంటిది వస్తే నేను ఊకోను, ఇది రాసినోని బద్ధకం అని అక్కడనే చెప్త.

ఇంట్లో చేయొద్దు అనే మాట గట్టిగనే చెప్పాలె. 2022 మార్చిలో బిగ్ ఈ అనే పెద్ద ఆటగాడు, ఏండ్ల తరబడి పడుడు నేర్చుకున్న మనిషి, రింగు బయట తల నేలకు ఆని మెడ ఎముకలు విరగ్గొట్టుకున్నడు. అవతలోడు కావాలని చేసింది కాదు, విసిరినప్పుడు ఒళ్ళు కొంచెం తక్కువ తిరిగింది, గంతే. బిగ్ ఈ మళ్ళ ఆడలే. ఒక బడిలో నాటకం రిహార్సల్ నడుస్తుంటే, నేను అటు తిరిగినప్పుడు ఇద్దరు పోరగాళ్ళు బెంచీ మీదికెల్లి స్టన్నర్ (ఎదుటోని గదువ తన భుజం మీద పెట్టుకొని ఒక్కసారే కూలబడే పట్టు) చేసిన్రు. ఒకనికి గదువ పగిలి కుట్లు పడ్డయి. పిల్లలను తిట్టి లాభం లేదని నేను ఆ రోజు నుంచి పద్ధతి మార్చిన. కొట్లాట సీను నేర్పేముందు ప్రతి ఒక్కరితోని, ఎదుటోనికి దెబ్బ తగలకుండ చూసుకునే బాధ్యత నాదే అని అనిపిస్త. రెజ్లర్లు నేర్చుకునే మొదటి పాఠం గూడ అదే. ఆ ముక్క విన్నంక పోరగాళ్ళలో దూకుడు తగ్గుడు నేను కండ్లార చూసిన. వాళ్ళకు అది కొట్లాటలెక్క కాదు, ఇద్దరు కలిసి చేసే పనిలెక్క కనబడ్తది.

పిల్లగానికి నిజం పట్లే కావాలంటే మన దగ్గర తక్కువ లేవు. నిజామాబాద్, కామారెడ్డి దిక్కు జాతరల్ల కొబ్బరికాయ కుస్తీతోని మొదలుపెట్టి వెండి కడెం కుస్తీ దాంక ఆడుతరు. అక్కడ ఎవరూ ముందు రాయరు, ఒక్కోసారి నిమిషంలనే అయిపోతది, ఒక్కోసారి ఇద్దరూ పట్టు వదలక చూసేటోళ్ళకు విసుగొస్తది. ఒకసారి తీసుకపోయి చూపించండి. రెండూ చూసిన పిల్లగానికి తేడా మీరు చెప్పనవసరం లేదు. దగ్గరలో కుస్తీ నేర్పే తాలీం ఉంటే చేర్పించినా మంచిదే.

ఇగ మీ ఇంటి సంగతి. మంగళవారం పొద్దున లొల్లి వద్దు. షో నెట్‌ఫ్లిక్స్‌లో ఉండనే ఉంటది, సాయంత్రం హోంవర్కు అయినంక పెట్టండి. మొత్తం అక్కర్లేదు, మొదటి ఇరవై నిమిషాలు, చివరి ఆట చూస్తే కథ అందుతది. పాత వీడియోలు మాత్రం ఒంటరిగ చూడనీయకండి. 1998 నుంచి 2001 దాంకటి రాలో రక్తం, బూతులు, ఆడోళ్ళను చూపించిన తీరు పిల్లలకు తగింది కాదు. 2008 నుంచి పిల్లలతో చూసేటట్టు మార్చిన్రు.

చెప్పేటప్పుడు వాళ్ళ నాన్ననే చెప్పమనండి, మాట జారింది ఆయనే గదా. "ఎవరు గెలవాలన్నది వాళ్ళు ముందే మాట్లాడుకుంటరు బిడ్డా, కానీ ఆ పడుడు నిజం, ఎట్ల పడ్తరో మనం చూద్దాం" అంటే చాలు. ఆ పిల్లగాడు ఏడ్చింది ఫలితం రాసి ఉన్నదని కాదేమో అక్కా, తనకు ప్రాణమైనదాన్ని నాన్న చులకన చేసిండని అయ్యుంటది. మా అక్క కొడుకు గూడ ఆ వయసులో అట్లనే అలిగిండు. మెల్లగ విడమరిచి చెప్తే ఇప్పుడు వాడే నాకు ఫోన్ చేసి, "మామా, ఈ వారం రిఫరీని చూసినవా, టైమెట్ల చెప్పిండో" అంటున్నడు.

ఫస్ట్ సామీ జేన్, రోమన్‌ల 2023 ముక్క ముగ్గురూ కూసొని చూడండి. మీ ఆయనకు ఒక్కటే చెప్పండి, ముందుగాల నెట్‌లో వెతికి ఎవరు గెలిచిన్రో పిల్లగానికి చెప్పొద్దని.